బెంగ ఉంది, ఏడుపు లేదు

రాయ్‌పూర్‌లో ఆర్కెస్ట్రా అంటే గణేశ్ మండపం పక్కన కట్టిన స్టేజీ, రెండు కీబోర్డులు, ఒక ఆక్టోప్యాడ్, కిశోర్ కుమార్‌లా పాడే ఓ కుర్రాడు. ఆ మాటకొస్తే తాడేపల్లిగూడెంలోనూ అంతే. అక్కడ కిశోర్ బదులు బాలు. పాతిక ముప్పై వయొలిన్లు, వాటి వెనక చెల్లోలు, డబుల్ బాస్‌లు, ఆపైన ఇత్తడి వాద్యాల వరస కొలువుదీరి, ముప్పావుగంట సేపు ఒక్క మాట కూడా లేని సంగీతం వినిపించే ఆర్కెస్ట్రా ఈ దరిదాపుల్లో లేదు. అలాంటిదాన్ని ఎదురుగా కూర్చుని వినాలనుకుంటే హౌరా నుంచి వచ్చే ఏదో ఒక మెయిల్ పట్టుకుని ముంబై చేరాలి. అక్కడి ఎన్‌సీపీఏలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో పుట్టింది. మిగతా వారికి రికార్డింగే దిక్కు.

దిక్కు అనగానే చిన్నచూపు అక్కర్లేదు. సింఫనీలను ప్రేమించిన భారతీయుల్లో నూటికి తొంభై మంది వాటిని ముందు విన్నది రేడియోలోనో క్యాసెట్‌లోనో సీడీలోనో, ఇప్పుడైతే ఫోన్లోనో. ఇబ్బందల్లా ఎంపికతోనే. ఒకే రచనకు వందల రికార్డింగులు. అట్టమీద కరాయన్ బొమ్మ ఉంటే మంచిదా, బెర్న్‌స్టైన్ బొమ్మ ఉంటే మంచిదా? లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌తో మన జుబిన్ మెహతా చేసింది ఉండగా వేరేవి ఎందుకు? వాయించే స్వరాలు అవే కదా, తేడా ఏముంటుంది?

తేడా ఉంటుంది. ఆ తేడా ఎంతో తేల్చుకోవడానికి ఆంతోనిన్ ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ‘న్యూ వరల్డ్’ సింఫనీగా లోకానికి తెలిసిన రచన. (స్పెల్లింగ్ చూసి ద్వోరాక్ అనేస్తుంటాం, చెక్‌లు దాన్ని ర, జ కలిపి ఒకే ఊపిరిలో పలుకుతారు.) దానికి 1961లో ప్రాగ్‌లోని రుడోల్ఫినమ్ భవనంలో కారెల్ అన్‌చెర్ల్ సారథ్యంలో చెక్ ఫిల్హార్మోనిక్ చేసిన రికార్డింగ్ ఒకటుంది. సుప్రాఫోన్ కంపెనీది. 2000ల తొలినాళ్లలో ‘అన్‌చెర్ల్ గోల్డ్ ఎడిషన్’ పేరుతో సీడీగా శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. ఇప్పుడు పాటల యాప్‌లలో వెతికినా దొరుకుతుంది. సుమారు 40 నిమిషాలు.

రాయ్‌పూర్‌కూ ఈ సింఫనీకీ సంబంధం ఏమిటంటే ముందు చెప్పాల్సింది 1893 సంవత్సరం గురించి. ఈ ఊళ్లో విమానాశ్రయానికి స్వామి వివేకానంద పేరు. బూఢా తాలాబ్‌కు కూడా ఆయన పేరే. కారణం తెలిసిందే: నరేంద్రనాథ్ దత్తా కుటుంబం 1877లో కలకత్తా నుంచి ఇక్కడికి వచ్చింది. రాయ్‌పూర్‌కు అప్పటికింకా రైలు లేదు, ప్రయాణంలో చివరి భాగమంతా ఎడ్ల బండి మీదే. ఆ కుర్రాడు పెద్దవాడై 1893 సెప్టెంబర్ 11న చికాగోలో సర్వమత మహాసభ వేదిక ఎక్కిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ సభ జరిగింది చికాగో ప్రపంచ ప్రదర్శనకు అనుబంధంగా. సరిగ్గా నెల ముందు, ఆగస్టు 12న, అదే ప్రదర్శనలో ‘బొహీమియా దినం’ జరిపారు. ఆ రోజు వేదిక మీద ఆర్కెస్ట్రాను నడిపింది ద్వోర్జాక్. వాయించింది తన ఎనిమిదో సింఫనీ. తొమ్మిదోది అప్పటికే పూర్తయింది కానీ ఇంకా ఎవరూ వినలేదు. డిసెంబర్ 16న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో ఆంటన్ సైడ్ల్ సారథ్యంలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ దాన్ని మొదటిసారి వినిపించింది.

ఇద్దరు పరాయివాళ్లు ఒకే దేశానికి వెళ్లి, ఒకే ఏడు ఆ దేశం గురించి ఆ దేశానికే కొత్త సంగతులు చెప్పారు. వివేకానంద చెప్పింది మనకు బాగా తెలుసు. ద్వోర్జాక్ చెప్పింది అమెరికన్లకు ఎక్కువ ఇబ్బంది కలిగించింది.

ఆయన ప్రాగ్‌కు కాస్త ఉత్తరాన నెలహొజెవెస్ అనే పల్లెలో 1841లో పుట్టారు. తండ్రి మాంసం కొట్టు, పూటకూళ్ల ఇల్లు నడిపేవారు. కొడుకు నాటకశాల ఆర్కెస్ట్రాలో వయోలా వాయించుకుంటూ పైకొచ్చి, యాభై ఏళ్లు దాటేసరికి యూరప్ అంతా ఎరిగిన సంగీతకర్త అయ్యారు. న్యూయార్క్‌లో నేషనల్ కన్సర్వేటరీ నడుపుతున్న జానెట్ థర్బర్ ఏడాదికి 15,000 డాలర్ల జీతానికి ఆయన్ను డైరెక్టర్‌గా రప్పించారు. ప్రాగ్‌లో వచ్చేదానితో పోలిస్తే అది కళ్లు తిరిగే మొత్తం. ఆమె కోరిక ఒక్కటే: అమెరికాకు తనదైన సంగీతం ఎలా ఉండాలో చూపించాలి. ఆయన 1892 సెప్టెంబర్‌లో ఓడ దిగి, చెవులు రిక్కించి విని, 1893 మేలో న్యూయార్క్ హెరాల్డ్ పత్రికతో చెప్పేశారు: ఈ దేశపు సంగీతానికి పునాది నల్లవాళ్ల పాటల్లో ఉంది, వెతకాల్సింది అక్కడ. జాతివివక్ష చట్టాలు దక్షిణాది రాష్ట్రాల్లో ఒక్కొక్కటీ బిగుసుకుంటున్న కాలమది. బోస్టన్ పెద్దమనుషులు మొహం చిట్లించారు.

ఆ పాటలు ఆయనకు వినిపించినవారిలో ముఖ్యుడు హ్యారీ బర్లీ. అదే కన్సర్వేటరీలో విద్యార్థి, బానిసత్వం నుంచి బయటపడిన తాత మనవడు. తాత నోట నేర్చిన పాటలను ద్వోర్జాక్ ఇంట్లో పాడేవాడు. ఆయన మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు. ఇక్కడే ఈ సింఫనీ గురించి అందరూ పొరబడే చోటు వస్తుంది. విన్న పాటల్లో ఒక్కటి కూడా ఆయన సింఫనీలోకి ఉన్నదున్నట్టు ఎత్తుకోలేదు. వాటి నడక పట్టుకుని తన బాణీలు తాను కట్టుకున్నారు. ఆ సంగతి తొలి ప్రదర్శన ముందే పత్రికకు చెప్పారు, తర్వాతా చెప్పారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం రెండో భాగంలోని ఆ బాణీ. లార్గో అంటారు, బాగా నెమ్మదైన నడక అని. కోర్ ఆంగ్లే అనే వాద్యం దాన్ని ఎత్తుకుంటుంది. సన్నాయి లాగే రెండు పీకల గాలివాద్యం, ఓబో కంటే కాస్త పొడవు, గొంతు కాస్త బొంగురు. తెలుగు చెవికి అది వినగానే ‘మోహన కదా’ అనిపిస్తుంది. రాయ్‌పూర్‌లో హిందుస్తానీ నేర్చుకున్న పిల్లకు భూపాలీ అనిపిస్తుంది. మొదటి పాదంలో ఉన్నవి నిజంగానే స, రి, గ, ప. అంతే. తర్వాతి పాదంలో ధైవతం వస్తుంది, దాని వెంట మోహనలో చోటులేని నిషాదం ఒకటి దొర్లి, ‘ఇది మీది కాదు’ అని గుర్తు చేస్తుంది. ప్రపంచంలో చాలా జానపద బాణీలు ఐదు స్వరాల చుట్టూనే తిరుగుతాయి కాబట్టి ఎక్కడివారికి అక్కడ ఇది తమ ఊరి పాటలా వినిపించింది. 1922లో ద్వోర్జాక్ శిష్యుడు విలియం ఆర్మ్స్ ఫిషర్ దీనికి మాటలు రాసి ‘గోయిన్ హోమ్’ అని పేరు పెట్టారు. పాల్ రాబ్సన్ పాడారు. కొన్నాళ్లకు జనం అది బానిసల కాలం నాటి పాటేనని, ద్వోర్జాక్ దాన్ని ఎత్తుకున్నారని అనుకోసాగారు. 1945 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ పార్థివదేహం వార్మ్ స్ప్రింగ్స్ నుంచి కదులుతుంటే గ్రాహమ్ జాక్సన్ అనే నల్లజాతి సంగీతకారుడు అకార్డియన్ మీద దాన్నే వాయించారు. చెంపల మీదుగా కన్నీళ్లు కారుతున్న ఆయన ఫొటో లైఫ్ పత్రికలో వచ్చింది. సంగీతం తెలియనివారు కూడా ఆ ఫొటో చూసే ఉంటారు.

అప్పటి నుంచి ఈ బాణీకి ఏడుపు అంటుకుంది. అంత్యక్రియలు, వీడ్కోళ్లు, సినిమాల్లో పల్లెటూరి జ్ఞాపకాలు. కండక్టర్లూ ఆ దారినే పోయారు. లెనార్డ్ బెర్న్‌స్టైన్ చివరి రోజుల్లో, 1986లో, ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్‌లో ఈ ఒక్క భాగమే 18 నిమిషాలు దాటుతుంది. అన్‌చెర్ల్ దాన్ని 12 నిమిషాల దరిదాపుల్లో ముగిస్తారు. ఒకే కాగితం, ఒకే స్వరాలు, ఆరు నిమిషాల తేడా. బెర్న్‌స్టైన్ మహానుభావుడే, అందులో సందేహం లేదు. కానీ ఆ 18 నిమిషాల్లో ప్రతి స్వరాన్నీ ఎత్తి పట్టుకుని, ఎంత అందంగా ఉందో చూడండని చూపించి, అప్పుడు కింద పెడతారు. మూడో నిమిషానికి బాణీ పాటగా వినిపించడం మానేస్తుంది.

అన్‌చెర్ల్ దగ్గర బాణీ నడుస్తుంది. ముందు ఇత్తడి వాద్యాలు కొన్ని గంభీరమైన కార్డ్‌లు మోగిస్తాయి, ఒక గదిలోంచి మరో గదిలోకి తలుపులు తెరుచుకున్నట్టు. ట్యూబా అనే భారీ వాద్యానికి ఈ సింఫనీ మొత్తంలో పని ఉన్నది ఈ భాగంలో మాత్రమే, అదీ ఇలాంటి కార్డ్‌లలో మాత్రమే. తర్వాత తీగవాద్యాలు గొంతు తగ్గించి పరుపు పరుస్తాయి. కోర్ ఆంగ్లే వచ్చి, మనిషి ఊపిరి ఎంతసేపు ఆగుతుందో అంతే పొడవు వాక్యం చెప్పి, ఊపిరి తీసుకుని, తర్వాతి వాక్యం చెబుతుంది. ఒక్క స్వరాన్నీ అవసరానికి మించి సాగదీయదు. పొలం పని ముగించుకుని ఇంటికి పోతున్నవాడు తనలో తాను కూనిరాగం తీస్తాడే, అలా. ఎవరో వింటారన్న స్పృహ ఉండదు.

అసలు సంగతి మధ్యభాగంలో ఉంటుంది. బాణీ మోజులో పడ్డ శ్రోతలు దీన్ని దాటేస్తుంటారు. ఫ్లూట్, ఓబో కలిసి ఒక దిగులు పాట ఎత్తుకుంటాయి, కింద తీగవాద్యాలు వణుకుతాయి. ఆ తర్వాత క్లారినెట్ల పాట. దాని కింద డబుల్ బాస్‌లు తీగలను వేలితో మీటుతూ అడుగులు వేస్తాయి. అన్‌చెర్ల్ ఆ అడుగులను స్పష్టంగా వినిపిస్తారు. అవి ఆగవు. మనిషి దిగులుగా ఉన్నాడు, అయినా నడుస్తూనే ఉన్నాడు. తర్వాత ఒక్కసారిగా పిట్టల కిలకిల, దాని మీద ట్రాంబోన్లు మొదటి భాగపు బాణీని గద్దించి పాడటం, అంతలోనే మళ్లీ కోర్ ఆంగ్లే. చివర్లో పాట తీగవాద్యాల చేతికి వస్తుంది. వాయించేవాళ్లు కొద్దిమందే మిగులుతారు. రెండు స్వరాలు వాయించి ఆగుతారు. మళ్లీ అందుకుని మళ్లీ ఆగుతారు. చాలా రికార్డింగుల్లో ఈ ఆగడాలు వెక్కిళ్లలా ఉంటాయి. ఇక్కడ మాట కోసం వెతుక్కోవడంలా ఉంటాయి. ఆఖరున డబుల్ బాస్‌లు మాత్రమే వాయించే ఒక కార్డ్‌తో ఆ భాగం ముగుస్తుంది. ఫోన్ స్పీకర్ మీద వింటే ఈ కార్డ్ అసలు వినపడదు. లార్గో ముందే అయిపోయిందనుకుంటారు. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి.

ఈ నడకే సరైనదని ఏమిటి నమ్మకం? ఆధారం ద్వోర్జాక్ రాతప్రతి చివరి పేజీలోనే ఉంది. ఆయన అమెరికా వెళ్లినప్పుడు ఆరుగురు పిల్లల్లో ఇద్దరిని మాత్రమే తీసుకెళ్లారు. నలుగురు బొహీమియాలోనే ఉండిపోయారు. సింఫనీ రాసిన నెలలన్నీ ఆ నలుగురి మీద బెంగే. 1893 మే 24న రచన ముగించి, తేదీ వేసి, దాని కింద ఇంకో సంగతి కూడా రాసుకున్నారు: పిల్లలు సౌతాంప్టన్ చేరినట్టు మధ్యాహ్నం 1.33కు తంతి వచ్చిందని. అంటే వాళ్లు దారిలో ఉన్నారు. ఇది చచ్చిపోయినవారి కోసం రాసిన సంగీతం కాదు. టికెట్ కొన్న బెంగ. ఎప్పుడు కలుస్తామో తేదీ తెలిసిన బెంగ. సింఫనీ అసలు పేరులో ఉన్నది కూడా ‘కొత్త లోకం’ కాదు, ‘కొత్త లోకం నుంచి’. కవరు మీద రాసే ఫ్రమ్ అడ్రస్ లాంటిది.

ఈ రకం బెంగ రాయ్‌పూర్‌కు కొత్త కాదు. స్టేషన్‌లో కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్ ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీద ఉత్తరాంధ్ర తెలుగు వినిపిస్తుంది. రైల్వే కొలువుల కోసం, తర్వాత భిలాయ్ ఉక్కు కార్మాగారం కోసం వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడ్డ కుటుంబాలవి. అదే స్టేషన్‌లో ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి ఇటుక బట్టీల పనికి దక్షిణాదికి పోయే కుటుంబాలు మూటలతో కూర్చుని ఉంటాయి. వానలు మొదలయ్యే వేళకు తిరిగి వస్తారు. వాళ్లెవరూ ప్లాట్‌ఫాం మీద ఏడుస్తూ కూర్చోరు. పిల్లలకు అన్నం పెడుతుంటారు, రైలు ఎంత లేటో కనుక్కుంటుంటారు.

ద్వోర్జాక్ ఉండి ఉంటే ఆ రైలు నంబరు, ఇంజిన్ నంబరు కూడా కనుక్కునేవారు. ఆయనకు రైళ్ల పిచ్చి. ప్రాగ్‌లో రోజూ స్టేషన్‌కు వెళ్లి ఇంజిన్లు చూసేవారు. కుదరకపోతే శిష్యులను పంపి నంబర్లు రాసుకు రమ్మనేవారు. కాబోయే అల్లుడు, తర్వాత పేరుపొందిన సంగీతకర్త యోసెఫ్ సుక్ ఒకసారి తప్పు నంబరు రాసుకొచ్చి ఆయన చిరాకుకు గురయ్యారని చెబుతారు. న్యూయార్క్‌లో టికెట్ లేకుండా ప్లాట్‌ఫాం మీదికి రానివ్వకపోతే, ఊరి చివరి 155వ వీధిదాకా వెళ్లి చికాగో ఎక్స్‌ప్రెస్‌లు దూసుకుపోవడం చూసేవారు. సింఫనీ నాలుగో భాగం మొదలయ్యే తీరు చూస్తే ఆ పిచ్చి గుర్తుకు రాక మానదు: తీగవాద్యాలు రెండు స్వరాల మధ్య ముందు నెమ్మదిగా, తర్వాత త్వరగా, తర్వాత మరీ త్వరగా ఊగి, పట్టు దొరికిన చక్రాల్లా ఒక్కసారి పరుగందుకుంటాయి. అన్‌చెర్ల్ రికార్డింగ్‌లో ఆ పరుగు ఎక్కడా అదుపు తప్పదు. ట్రంపెట్లు, హార్న్‌లు బాణీని ఎత్తుకున్నప్పుడు చెక్ హార్న్ వాయిద్యకారుల ప్రత్యేకత తెలుస్తుంది. వాళ్ల స్వరంలో సన్నని కంపనం ఉంటుంది, మనిషి గొంతులో ఉన్నట్టు. జర్మన్, అమెరికన్ ఆర్కెస్ట్రాల్లో హార్న్ గోడలా నిలబడుతుంది, ఇక్కడ పాడుతుంది. ఓబోల్లో కాస్త పులుపు. ఇవాళ ప్రపంచంలోని పెద్ద ఆర్కెస్ట్రాలన్నీ ఇంచుమించు ఒకేలా మోగుతున్నాయి కాబట్టి 1961 నాటి ఈ ఊరి యాసకు ఇప్పుడు విలువ పెరిగింది. ఈ ఆర్కెస్ట్రాకు ద్వోర్జాక్ ఇంటి మనిషి. 1896 జనవరి 4న ఇదే రుడోల్ఫినమ్‌లో దాని మొట్టమొదటి కచేరీకి సారథ్యం వహించింది ఆయనే.

యాస అనగానే రాయ్‌పూర్‌లో తప్పక గుర్తొచ్చే పేరు హబీబ్ తన్వీర్. 1923లో ఇక్కడే పుట్టారు. లండన్‌లో నాటకవిద్య చదివి, బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకాలు చూసి, 1958లో ఆరుగురు ఛత్తీస్‌గఢీ జానపద కళాకారులను ఢిల్లీ తీసుకెళ్లి ‘మృచ్ఛకటికం’ ఆడించారు. చాలాకాలం వాళ్లతో హిందీ మాట్లాడించారు, తాను నేర్చిన పద్ధతిలో కదిలించారు. ఊళ్లో నాచా ఆడేటప్పుడు చెలరేగిపోయే నటులు తన స్టేజీ మీద ఎందుకు బిగుసుకుపోతున్నారో ఆయనకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. 1970ల మొదట్లో, ముఖ్యంగా 1973లో రాయ్‌పూర్‌లో జరిపిన నాచా వర్క్‌షాప్ నాటికి, వాళ్ల భాష వాళ్లకు వదిలేశారు. రెండేళ్లకు ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చింది. 1982లో అది ఎడింబరాలో ఫ్రింజ్ ఫస్ట్ అవార్డు గెలుచుకుంది.

ద్వోర్జాక్, తన్వీర్ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులిచ్చారు. జనం పాటలు విని తన పాట రాసుకోవడం ఒక పద్ధతి. జనాన్నే వేదిక ఎక్కించడం ఇంకో పద్ధతి. రెండోది నైతికంగా మెరుగని ఇక్కడ చాలామంది అంటారు, అందులో నిజం ఉంది. రాయ్‌పూర్‌కు చెందిన జోషీ సోదరీమణులు ఎప్పుడో పాడిన ఛత్తీస్‌గఢీ పాట ఒకటి 2009లో ‘ఢిల్లీ-6’లో ‘ససురాల్ గేందా ఫూల్’గా మోగినప్పుడు, దేశానికి అది రెహ్మాన్ సినిమా పాటగానే తెలిసింది. ఊరు పేరు, మనిషి పేరు వెతుక్కున్నవారికే దొరికాయి. ద్వోర్జాక్‌ను మెచ్చుకోవాల్సింది ఇక్కడ. ఒక్క బాణీ తీసుకోకపోయినా, ఎవరి పాటలు తనకు దారి చూపాయో పత్రికలో బాహాటంగా చెప్పారు. బర్లీ తర్వాతి కాలంలో ఆ పాటలకు పియానో సహకారం కూర్చి ‘డీప్ రివర్’ లాంటివాటిని కచేరీ వేదికల మీదికి తెచ్చారు. గురువు పేరు ఆయన మరవలేదు, గురువు ఆయన జాతిని దాచలేదు.

అయితే ఒక లోటు చెప్పుకోవాలి. లార్గోకూ మూడో భాగానికీ ప్రేరణ లాంగ్‌ఫెలో రాసిన ‘హయవాతా’ అని, అమెరికా ఆదివాసుల విందు నృత్యమే మూడో భాగానికి మూలమని ద్వోర్జాక్ చెప్పారు. అంటే ఆయన ఆదివాసులు పుస్తకంలోంచి వచ్చినవాళ్లు, అదీ తెల్ల కవి పుస్తకంలోంచి. 2011 లెక్కల ప్రకారం జనాభాలో 30 శాతానికి పైగా ఆదివాసులున్న రాష్ట్రంలో కూర్చుని వింటే ఆ మూడో భాగంలోని ట్రయాంగిల్ గలగలలు బొహీమియా పల్లె సంబరంలాగే వినిపిస్తాయి. అన్‌చెర్ల్ కూడా దాన్ని అలాగే వాయిస్తారు, అమెరికా వేషం వేయించరు. మంచి పని చేశారు.

ఇంతకీ ఈ అన్‌చెర్ల్ ఎవరు? ఆయన కథ ముందే చెప్పి ఉంటే సంగీతం వినడం కష్టమయ్యేది, అందుకే ఇంతవరకూ ఆపాల్సి వచ్చింది. 1908లో దక్షిణ బొహీమియాలోని ఓ పల్లెలో యూదు కుటుంబంలో పుట్టారు. నాజీలు ఆయన్ను కుటుంబంతో సహా తెరెజిన్ శిబిరానికి పంపారు. అక్కడ ఖైదీలతోనే తీగవాద్యాల ఆర్కెస్ట్రా ఒకటి తయారు చేశారు. 1944లో నాజీలు, శిబిరంలో యూదులు ఎంత హాయిగా ఉన్నారో చూపించడానికి ప్రచారచిత్రం తీసినప్పుడు ఆ ఆర్కెస్ట్రా చేత వాయింపజేశారు. తోటి ఖైదీ పావెల్ హాస్ రాసిన రచన అది. సినిమా పని అయిపోయాక, ఆ అక్టోబర్‌లో వాళ్లను ఆష్‌విట్జ్‌కు పంపారు. హాస్‌ను చంపేశారు. అన్‌చెర్ల్ భార్యను, చిన్న కొడుకును చంపేశారు. ఆయన మిగిలారు. యుద్ధం ముగిశాక తెరెజిన్‌కు వెళ్లి వెతికి, హాస్ రచన తాలూకు వాద్యకారుల కాగితాలు సంపాదించారు. ఆ రచన ఇవాళ వినిపిస్తోందంటే ఆ వెతుకులాట వల్లే. 1950లో చెక్ ఫిల్హార్మోనిక్ పగ్గాలు అందుకున్నారు.

అలాంటి మనిషి ‘ఇంటికి పోదాం’ అని లోకమంతా ఏడిచే బాణీని తీసుకున్నప్పుడు, ఏడుపు ఎంతైనా కలపవచ్చు, అడిగేవాడు ఉండడు. ఆయన కలపలేదు. దాన్ని ఆయన జీవితంతో ముడిపెట్టి గొప్ప తాత్పర్యం లాగడం సులువే కానీ అనవసరం. ఆయన బార్తోక్‌ను, స్ట్రావిన్‌స్కీని, మార్టినూను కూడా అంతే నిక్కచ్చిగా వాయించారు. పనితీరు అది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, ప్రతి వాద్యం విడివిడిగా వినపడేట్టు, తన బాధను శ్రోత నెత్తిన పెట్టకుండా. కాకపోతే ఒక్క మాట: బెంగ అంటే ఏమిటో అంతగా తెలిసినవాడికి దాన్ని నటించాల్సిన అవసరం ఉండదు.

ఈ రికార్డింగ్‌లో చిన్నచిన్న లోపాలూ ఉన్నాయి. 1961 నాటి టేపు, బాగా హెచ్చు స్థాయిలో ఇత్తడి వాద్యాలు కాస్త గరుకుగా తగులుతాయి. 1970ల తర్వాతి రికార్డింగుల్లో ఉండే నున్నదనం దీనికి లేదు. కారు స్టీరియోలో దడదడలాడించే బాస్ కావాలనుకునేవారు నిరాశపడతారు. నాలుగో భాగంలో ఒకచోట తాళం మోగుతుంది, మొత్తం సింఫనీలో ఒకే ఒక్కసారి. అదీ ‘ఝణ్’ అని కాదు, రెండు పళ్లేలు ఒకదాన్నొకటి రాసుకున్నంత మెల్లగా. ఈ ఒక్క దెబ్బ కోసం వాద్యకారుడు ముప్పావుగంట కూర్చోవాలి. ఆదమరిచి వింటే దాటిపోతుంది. పట్టుకున్నవారికి, రెండోసారి వింటున్నామన్న చిన్న గర్వం దక్కుతుంది.

1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. అప్పుడు విదేశంలో ఉన్న అన్‌చెర్ల్ తిరిగి స్థిరపడటానికి రాలేదు. 1969 నుంచి టొరంటో సింఫనీ ఆర్కెస్ట్రా సారథిగా పనిచేశారు. ద్వోర్జాక్ మూడేళ్ల తర్వాత వదిలి వచ్చేసిన ఆ ‘కొత్త లోకం’లోనే 1973లో కన్నుమూశారు. ఆయన అస్థికలు ఆలస్యంగా ప్రాగ్ చేరి విషెహ్రాద్ శ్మశానంలో ఉన్నాయి. ద్వోర్జాక్ సమాధి కూడా అక్కడే.

సింఫనీ చివర్లో ఆర్కెస్ట్రా అంతా కలిసి హోరెత్తుతుంది. ముందు భాగాల బాణీలన్నీ, లార్గో మొదట్లో మెల్లగా విన్న ఆ కార్డ్‌లతో సహా, ఈసారి గొంతెత్తి తిరిగొస్తాయి. ఇక ముగిసిందని చప్పట్లకు చేతులు లేస్తాయి. ఆఖరి కార్డ్ ధనామని పడుతుంది, తీగవాద్యాలు ఆగిపోతాయి, గాలివాద్యాలు మాత్రం ఆ స్వరాన్ని వదలకుండా పట్టుకుని తగ్గిస్తూ, తగ్గిస్తూ పోతాయి. రైలు మలుపు తిరిగాక కూత కాసేపు వినిపించినట్టు. అన్‌చెర్ల్ దాన్ని తొందరగా కోసేయరు, మరీ సాగదీయరు. హాల్లో ఆ చప్పుడు గోడలకు చేరి ఆగేంతవరకూ టేపు తిరుగుతూనే ఉంటుంది.